విలన్స్ ల్యాండ్ కడుతున్న ఇమాజినీర్లకు బహిరంగ లేఖ

డిస్నీ పార్కుల్ని డిజైన్ చేసి కట్టే వాల్ట్ డిస్నీ ఇమాజినీరింగ్‌లో మ్యాజిక్ కింగ్‌డమ్ విస్తరణ పని చూస్తున్నవారికి,

నమస్కారం.

2024 ఆగస్టులో అనహైమ్‌లో జరిగిన డీ23 అనే డిస్నీ అభిమానుల సభలో మీరొక మాట చెప్పారు. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో, బిగ్ థండర్ మౌంటెన్ రైడ్ అవతల, విలన్లకంటూ ఒక ప్రాంతం కడతామన్నారు. రెండు పెద్ద రైడ్లు, తినడానికి చోట్లు, షాపులు ఉంటాయన్నారు. ఏళ్ల తరబడి అడుగుతున్న అభిమానులు పండగ చేసుకున్నారు. మా టాంపా వైపు తెలుగు ఇళ్లలో మాత్రం రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. "చిన్నపిల్లలు వచ్చే చోట మంత్రగత్తెలూ దయ్యాలూ ఎందుకండీ?" అంటారు కొందరు. "అన్నం తినకపోతే బూచాణ్ణి పిలిచేది మనమే కదా, వాళ్లు కడితేనే తప్పొచ్చిందా?" అంటారు ఇంకొందరు. నేను ఈ రెండోవాళ్ల పక్షమే. కాకపోతే ఒక షరతు ఉంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం. తెలుగులో రాస్తున్నాను కాబట్టి మీకంటే ముందు మావాళ్లే చదువుతారు. చదవనివ్వండి, టికెట్లు కొనేది వాళ్లే కదా.

కుటుంబాలు వచ్చే పార్కులో విలన్లు ఉండకూడదన్న వాదన మీ చరిత్ర ముందు ఎలాగూ నిలవదు. 1937లో వచ్చిన స్నో వైట్ మీ సంస్థ తీసిన మొదటి పూర్తి నిడివి కార్టూన్ సినిమా. దానికే బ్రిటన్ సెన్సార్ వాళ్లు పిల్లలు పెద్దవాళ్ల తోడుతో చూడాలని 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చారు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ గేట్లు తెరిచినప్పుడే ఫాంటసీల్యాండ్‌లో స్నో వైట్ రైడ్ ఉంది, అందులో మంత్రగత్తె ఉంది. అంటే మీ పార్కుల్లో విలన్ కొత్తగా అద్దెకు దిగినవాడు కాదు, మొదటి రోజు నుంచీ ఇంట్లోవాడే. మీరు ఇప్పుడు చేస్తున్నదల్లా వాడికి సొంత వీధి రాసివ్వడం.

ఆ స్నో వైట్ రైడ్ గురించే కాస్త ఎక్కువసేపు మాట్లాడాలని ఉంది. ఎందుకంటే నా షరతు అక్కడే పుట్టింది.

ఆ రైడ్ రూపకల్పనలో ఒక తెలివైన ఆలోచన ఉండేది. బండిలో కూర్చున్నవాళ్లే స్నో వైట్ అనుకోవాలి, ఆమె కళ్లతో అన్నీ చూడాలి. అందుకే లోపల ఎక్కడా ఆమె బొమ్మ పెట్టలేదు. 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కట్టినప్పుడూ అదే పద్ధతి. కాగితం మీద బాగానే ఉంటుంది. నాలుగేళ్ల పిల్లకి మాత్రం ఎక్కడ చూసినా మంత్రగత్తే. తలుపు పక్కన ఆమె, చెట్ల మధ్య ఆమె, పడవలో ఆమె. ఏడుగురు మరుగుజ్జుల ఇంటికి వెళ్లినా ఆమె వదలదు. చివర్లో ఆమె పెద్ద రత్నాన్ని మన నెత్తిన దొర్లించబోతుంది. అంతే, తలుపు తెరుచుకుంటుంది, బయట ఎండ. యువరాజు లేడు, పెళ్లి లేదు, స్నో వైట్ బతికిందో లేదో చెప్పేవాళ్లూ లేరు. రంగురంగుల బండి, స్నో వైట్ పేరు చూసి ఎక్కించిన తల్లిదండ్రులు బిక్కమొహం వేసుకున్న పిల్లల్ని ఎత్తుకుని బయటికి వచ్చేవాళ్లు.

దీనికి మీవాళ్లు చేసిన మొదటి మరమ్మతు బోర్డు మార్చడం. 1983లో డిస్నీల్యాండ్ రైడ్‌కి 'స్కేరీ' అనే మాట తగిలించారు. లోపల భయం ఉందని పేరులోనే చెప్పడం మంచిదే. అసలు మరమ్మతు 1994లో ఫ్లోరిడాలో జరిగింది. స్నో వైట్‌ని బొమ్మగా లోపలికి తెచ్చారు, మంత్రగత్తె పని ముగించారు, చివర్లో యువరాజుని పెట్టారు. ఆ రూపంలో 2012 మే 31 దాకా నడిచింది. గమనించండి, మంత్రగత్తెని తీసేయలేదు. ఆమె ఉంది, విషపు ఆపిల్ ఉంది, చీకటి ఉంది. మారింది ఒకటే, కథ ఆమె దగ్గర ఆగిపోకుండా ఆమెని దాటి ముందుకు వెళ్లింది.

నా షరతు ఇదే. విలన్‌కి ఎంత పెద్ద కోటైనా కట్టండి. లోపలికి వచ్చిన పిల్ల కళ్ల ముందు వాడు ఓడిపోవాలి.

ఓడిపోతే చాలా అంటే, చాలదు. దానికీ మీ పార్కులోనే సాక్ష్యం ఉంది. 1995లో టుమారోల్యాండ్‌లో 'ఏలియన్ ఎన్‌కౌంటర్' అని ఒకటి తెరిచారు. గుండ్రటి హాల్లో కుర్చీలు, భుజాల మీదికి దిగే కడ్డీ, మధ్యలో గాజు గొట్టం. గొట్టంలోకి వచ్చిన వింత జీవి తప్పించుకుంటుంది, లైట్లు ఆరిపోతాయి, మెడ వెనక ఎవరో ఊపిరి వదిలినట్టు వేడి గాలి తగులుతుంది. చివరికి ఆ జీవిని మళ్లీ గొట్టంలోకి తోసి అంతం చేసేవారు. కథ ప్రకారం దుష్టశిక్షణ అయిపోయింది. కానీ దాన్ని చంపింది ఎవరో, ఎలాగో, కుర్చీకి అతుక్కుపోయి కళ్లు మూసుకున్న పిల్లవాడికి ఏం తెలుస్తుంది? బయట హెచ్చరిక బోర్డులు పెట్టినా గొడవ తగ్గలేదు. 2003 అక్టోబర్‌లో మూసేశారు. ఆ హాల్లోనే, ఆ కుర్చీలతోనే 2004లో మీ కార్టూన్ పాత్ర స్టిచ్ షో పెట్టారు. స్టిచ్ ముద్దుగా ఉంటాడు కదా అని ఇంకా చిన్నపిల్లల్ని తీసుకెళ్లారు. లోపల అదే చీకటి, అదే కడ్డీ. బొమ్మ మారినంత మాత్రాన భయం మారదని తెలుసుకోవడానికి ఆ హాలుకి ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది.

కాబట్టి నా షరతుని ఇంకొంచెం పొడిగిస్తున్నాను. విలన్ ఓడిపోవడంలో పిల్లకి కూడా ఒక చెయ్యి ఉండాలి.

ఇదేదో అసాధ్యమైన కోరిక కాదు. మీరు ఒకసారి చేసి చూపించారు, ఫ్లోరిడాలో కాదు, టోక్యోలో. 1986 నుంచి 2006 దాకా టోక్యో డిస్నీల్యాండ్‌లో సిండరెల్లా కోట లోపల ఒక మిస్టరీ టూర్ ఉండేది. గైడ్ ఒక గుంపుని వెంటబెట్టుకుని కోట గదుల్లోంచి నడిపిస్తుంది. మాయా అద్దం మాట్లాడుతుంది, దారిలో విలన్ల గుర్తులు ఒక్కొక్కటే ఎదురవుతాయి, చిట్టచివర మీ 'బ్లాక్ కాల్డ్రన్' సినిమా విలన్ కొమ్ముల రాజు. అప్పుడు గైడ్ గుంపులోంచి ఒకరిని ముందుకు పిలిచి చేతికి కత్తి ఇస్తుంది. ఆ కత్తి ఎత్తితే వెలుగు వస్తుంది, రాజు నాశనమవుతాడు. కత్తి పట్టినవాళ్లకి మెడలో పతకం వేస్తారు. అక్కడ బండి లేదు, కడ్డీ లేదు, ఎత్తు కొలిచే కర్ర లేదు. కాళ్ల మీద నడుస్తున్నారు కాబట్టి భయం వేస్తే అమ్మ వెనక్కి వెళ్లొచ్చు. నాకు తెలిసి విలన్లని ఒక చోట చేర్చి మీరు కట్టినవాటిలో ఇంత చక్కగా ఆలోచించింది ఇంకొకటి లేదు. దాన్ని ఎందుకు మూసేశారన్నది మీ ఇష్టం, ఆలోచనని మాత్రం పూడ్చిపెట్టకండి.

దీపావళికి మేం చేసేది అదేనండీ. నరకాసురుణ్ణి చంపింది సత్యభామ అని పెద్దవాళ్లు చెబుతారు, వెంటనే పిల్లల చేతికి కాకరపువ్వొత్తి ఇస్తారు. ఐదేళ్ల పిల్ల ఆ రాత్రి కథ వినడంతో సరిపెట్టుకోదు, నరకాసురుడి మీద గెలుపులో తనకీ వాటా ఉందనుకుంటుంది. టపాసు చప్పుడుకి చెవులు మూసుకుంటూనే ఇంకొకటి కాల్చమంటుంది.

భయాన్నీ నవ్వునీ కలిపే విద్య కూడా మీకు తెలిసిందే. హాంటెడ్ మాన్షన్ కట్టేటప్పుడు మీవాళ్లలో క్లాడ్ కోట్స్ గుబులు పుట్టించే వాతావరణం కావాలన్నాడు, మార్క్ డేవిస్ నవ్వించే పాత్రలు కావాలన్నాడు. చివరికి ఇద్దరిదీ నెగ్గింది. మొదటి సగంలో పొడవాటి ఖాళీ వరండాలూ కదిలే తలుపులూ, రెండో సగంలో దయ్యాల విందూ పాటా. 1969 నుంచి జనం ఎక్కుతూనే ఉన్నారు. మా తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. తెర మీద పది తలల రావణుడు ఊగిపోతుంటే ముందు వరసలో పిల్లలు బిగుసుకుపోతారు. సరిగ్గా అప్పుడే జుట్టుపోలిగాడూ బంగారక్కా ఊడిపడి తిట్టుకోవడం మొదలెడతారు. పిల్లలు పడీ పడీ నవ్వుతారు, తర్వాత మళ్లీ రావణుడు. ఆట ఆడించేవాళ్లకి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు, భయాన్ని ఎంతసేపు సాగదీయొచ్చో. మీ కొత్త ప్రాంతంలో కూడా ఒక పోలిగాడు కావాలి. మీ సినిమాల్లో విలన్ల పక్కన తిరిగే తిక్క అనుచరులు ఎంతమంది లేరు! హుక్ పక్కన స్మీ ఉన్నాడు, హేడిస్ దగ్గర పెయిన్, పానిక్ ఉన్నారు. వాళ్లని వీధిలోకి వదలండి.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టే సంగతి. అది భయం కాదు, జాలి.

2025 మే 27న మీ హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో విలన్ల షో ఒకటి మొదలైంది. క్రుయెల్లా, కెప్టెన్ హుక్, 'స్లీపింగ్ బ్యూటీ' మంత్రగత్తె మెలఫిసెంట్ ఒకరి తర్వాత ఒకరు మాయా అద్దం ముందుకొచ్చి తమకి ఎంత అన్యాయం జరిగిందో చెప్పుకుంటారు. ఎవరికి ఎక్కువ అన్యాయం జరిగిందో ప్రేక్షకులు చప్పట్లతో తేల్చాలి. పెద్దవాళ్లకి సరదాగానే ఉంటుంది. మా పెద్దవాడికి పదమూడేళ్లు, వాడికి విలన్లంటేనే ఇష్టం. హీరోలకి పాటలు తప్ప ఏమీ రావంటాడు. వాడికి ఆ వెటకారం తెలుస్తుంది. కుక్కపిల్లల తోలుతో కోటు కుట్టించుకోవాలనుకున్న మనిషికి ఎందుకు చప్పట్లు కొట్టాలో మా చిన్నదానికి ఎవరు చెప్పాలి? ముందు తప్పు తప్పని తెలియాలి. ఆ తర్వాతే తప్పు చేసినవాడి గోడు.

విలన్‌కి గతం ఉండకూడదని నేనట్లేదు. ఆ మాట తెలుగువాళ్లు అనలేరు. రావణుడిగా, దుర్యోధనుడిగా నందమూరి తారకరామారావు నడిచివస్తుంటే ఈలలు వేసిన జనం మేము. హిరణ్యకశిపుడంటే ఎస్.వి.రంగారావు గుర్తొచ్చే జనం. దుర్యోధనుడి మాటల్లో న్యాయముందని రచ్చబండ మీద గంటలు గంటలు వాదించుకున్నవాళ్లం. ఇంకా వెనక్కి వెళ్తే జయవిజయుల కథ ఉంది. వైకుంఠం వాకిట కాపలా కాసే భక్తులు. సనకసనందనాదుల శాపం తగిలింది. ఏడు జన్మలు భక్తులుగా ఉంటారా, మూడు జన్మలు శత్రువులుగా ఉంటారా అంటే, స్వామికి త్వరగా దగ్గరవ్వాలని మూడు జన్మల శత్రుత్వమే కోరుకున్నారని చెప్పుకుంటారు. వాళ్లే హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు. విలన్‌కి ఇంతకంటే జాలిగొలిపే గతం ఎవరు రాయగలరు? అయినా మూడు జన్మల్లో ఒక్కదాంట్లోనూ వాళ్లకి మినహాయింపు దొరకలేదు. వరాహం వచ్చింది, నరసింహం వచ్చింది, బాణం తగిలింది, చక్రం తిరిగింది. గతం చెప్పారు, శిక్ష ఆపలేదు. మీ విలన్స్ ల్యాండ్‌లో మెలఫిసెంట్‌కి ఎంత గతం కావాలంటే అంత చెప్పండి. కత్తి మాత్రం ఎక్కడో ఒక చోట దిగాలి. మీ 'ఫాంటాస్మిక్' షోలో మిక్కీ చేసేది అదేగా. 1992లో డిస్నీల్యాండ్‌లో మొదలైనప్పటి నుంచి ఆ చిన్న ఎలుక, మెలఫిసెంట్ మారిన ఆ పెద్ద డ్రాగన్, ఒక్క కత్తిపోటు, ముందు వరస పిల్లలు ఎగిరి గంతేయడం. (2023లో డిస్నీల్యాండ్‌లో ఆ డ్రాగన్‌కి నిజంగానే నిప్పంటుకుని మొత్తం కాలిపోయింది. మరుసటి ఏడాది షో తిరిగొచ్చింది కానీ డ్రాగన్ రాలేదు. పిల్లలకి తీరని లోటే.)

మీకు పోటీగా పార్కులు నడిపే యూనివర్సల్‌తో పోల్చి మాట్లాడేవాళ్లున్నారు. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుల పేరు మీద డార్క్ యూనివర్స్ అని ఒక ప్రాంతం ఉంది కదా, అక్కడ లేని అభ్యంతరం ఇక్కడెందుకని. అక్కడికి మా పెద్దవాడిని పంపిస్తాను, చిన్నదాన్ని పంపించను, ఆ సంగతి వాళ్లూ దాచరు. హాలోవీన్ హారర్ నైట్స్ అనే తమ రాత్రి వేడుక పదమూడేళ్లలోపు వాళ్లకి తగదని ముందే చెబుతారు. మ్యాజిక్ కింగ్‌డమ్ అలా కాదు. మూడేళ్లలోపు పిల్లలకి టికెట్టే అక్కర్లేని చోటు. చంటిపిల్లల బళ్లు వరసగా నిలబెట్టి ఉండే చోటు. మీరే 1995 నుంచి నడిపే హాలోవీన్ పార్టీ కూడా వేరే టికెట్‌తో, సాయంత్రం పూట. ఇష్టమైనవాళ్లే కొనుక్కుని వస్తారు. విలన్స్ ల్యాండ్ మాత్రం పగటి టికెట్‌లోనే కలిసిపోతుంది. మనిషికి వంద డాలర్లు దాటిన టికెట్ కొన్నాక మనవాళ్లు ఊరుకుంటారా? "ఇంత డబ్బు పోసి వచ్చాం, అన్నీ చూడాల్సిందే, ఏం కాదు పద" అని ఏడుస్తున్న పిల్లని చంకనేసుకుని లోపలికి వెళ్తారు. తప్పు మాదే. కానీ మా తప్పుని లెక్కలోకి తీసుకుని కట్టాల్సిన బాధ్యత మీది.

అందుకే పిల్లల ఎత్తుని ఇంచీలతో కొలిచే పద్ధతి ఒక్కటే నమ్ముకోకండి. నలభై ఇంచీలు, నలభై ఎనిమిది ఇంచీలు అనేది బెల్టు పట్టడానికి, ఎముకల భద్రతకి. దానికీ గుండె ధైర్యానికీ సంబంధం లేదు. పిల్లల్ని ఏడిపించిన స్నో వైట్ రైడ్‌కి ఎత్తు నియమమే లేదు. మా చిన్నదాని క్లాసులో దానికంటే జానెడు పొడుగున్న పిల్లవాడు మిక్సీ చప్పుడుకే ఏడుస్తాడు. క్యూ మొదట్లోనే, నిలబడక ముందే, లోపల ఏముందో నాలుగు ముక్కల్లో రాయండి: పూర్తి చీకటి ఉందా, ఎంతసేపు, ఏదైనా ఒంటికి తగులుతుందా, మధ్యలో బయటికి వచ్చే దారి ఉందా, విలన్ చివరికి ఏమవుతాడు. ఈ ఆఖరిది కథ ముందే చెప్పేయడం కాదా అని మీ రచయితలు గింజుకుంటారు. రావణుడు చచ్చిపోతాడని తెలియకుండా రామాయణం చూసినవాడు ఎవడైనా ఉన్నాడా?

చివరగా స్థలం సంగతి. బిగ్ థండర్ అవతల, పార్కు కొసన కడుతున్నారు, అది మంచి నిర్ణయం. చిన్నపిల్లలున్నవాళ్లు అటు పోకుండానే రోజు గడపొచ్చు. ఉరుములూ వికటాట్టహాసాలూ కోట దాకా వినిపించకుండా చూసుకోండి. అయితే ఈ విస్తరణ కోసం 2025 జులైలో రివర్స్ ఆఫ్ అమెరికా అనే ఏరు, దాని మధ్య టామ్ సాయర్ ఐలాండ్ దీవి, ఆవిరి పడవ మూసేశారు. ఆ నీళ్లున్న చోట మొదట 'కార్స్' సినిమా పేరు మీద ఒక ప్రాంతం వస్తుందని, దాని అవతల విలన్లని తెలుసు. పోయింది మామూలు చోటు కాదు. క్యూ లేకుండా, ఎవరూ కేకలు పెట్టకుండా, పిల్లలు కాళ్లారా పరిగెత్తిన దీవి. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మమ్మలూ తాతయ్యలూ నడుం వాల్చిన నీడ. ఇప్పుడు పెద్ద పిల్లలు విలన్ల కోటలోకి వెళ్తే, ఆ గంటసేపు రైడ్ ఎక్కని చిన్నపిల్లా ఆమెతో ఆగిపోయిన పెద్దామే ఎక్కడ కూర్చోవాలి? మీ ప్రకటనలో ఉన్న షాపుల్లోనా? నాలుగు చెట్లు, నాలుగు బెంచీలు, కాసిని నీళ్లు ఆ గుమ్మం బయట ఉంచండి. కొనాల్సినవేవీ అక్కడ పెట్టకండి.

మీరు చెప్పిన రెండు రైడ్లలో ఒకటి పెద్దవాళ్లకి వదిలేయండి, ఎంత ఎత్తునుంచి కావాలంటే అంత ఎత్తునుంచి తొయ్యండి, మావాడు లైన్లో మొదట ఉంటాడు. రెండోది మాత్రం టోక్యో కోటలో లాగా నడిచి వెళ్లేదిగా, ఎత్తు నియమం లేకుండా, చేతులు ఖాళీగా ఉండేట్టు కట్టండి. కత్తి ఇస్తారా, లాంతరు ఇస్తారా, మంత్రం చెప్పిస్తారా మీ ఇష్టం. ఒక్కరికి కాకుండా గుంపులో ఉన్న పిల్లలందరికీ ఇవ్వండి. టోక్యో టూర్‌లో నేను మార్చమనేది అదొక్కటే.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
టాంపా, ఫ్లోరిడా